చైన్ సా సందేహాలు: పదును పోయిందా, ఆయిల్ అందడం లేదా?

ఈసారి వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం చైన్ సా గురించినవే. విడివిడిగా చదివితే ఒకరిది ఆయిల్ సమస్య, మరొకరిది పదును సమస్య, ఇంకొకరిది బార్ (తన అంచుల మీద చైన్ తిరిగే పొడవాటి పలక) సమస్య అనిపిస్తుంది. పక్కపక్కన పెట్టి చదివితే మాత్రం, ఆయిల్ రావడం లేదని రాసినవారిలో కొందరికి నిజానికి చైన్ మొద్దుబారిందని, చైన్ బాగోలేదని రాసినవారిలో కొందరి బార్ ఆయిల్ లేక అరిగిపోయిందని తెలుస్తోంది. మొద్దు చైన్‌ను అదిమి కోస్తే రాపిడి ఎంతగా పెరుగుతుందంటే, పంపు సక్రమంగా పనిచేస్తున్నా ఆ ఆయిల్ చాలదు. ఆయిల్ అందక అరిగిన బార్ మీద ఎంత పదునైన చైన్ వేసినా అది తిన్నగా కోయదు. అందుకే ఈ ప్రశ్నలన్నిటినీ ఒక్కచోట చేర్చాను. ఇక్కడ చెప్పిన ఏ పనికైనా ముందు ఇంజిన్ ఆపి స్పార్క్ ప్లగ్ టోపీ ఊడదీయాలి. బ్యాటరీ యంత్రమైతే బ్యాటరీ తీసి పక్కన పెట్టాలి. చైన్‌ను తాకేటప్పుడు మందపాటి చేతితొడుగులు వేసుకోవాలి. ఈ మాట ప్రతి జవాబులోనూ మళ్ళీ రాయను.

ప్రశ్న: నా దగ్గర 16 అంగుళాల బార్ ఉన్న పెట్రోలు చైన్ సా ఉంది. దుంగ సగం తెగేసరికి బార్ చెయ్యి పెట్టలేనంత వేడెక్కి పొగ వస్తోంది. రంపపు పొట్టు పిండిలా రాలుతోంది. ఒక ట్యాంకు పెట్రోలు అయిపోయేసరికి ఆయిల్ ట్యాంకులో ఇంకా మూడు వంతులు అలాగే ఉంటోంది. ఆయిల్ పంపు పోయిందని, కొత్తది వేయాలని అంటున్నారు. వేయించమంటారా?

జవాబు: ఇప్పుడే వద్దు. మీరు రాసిన వాటిలో నాకు బాగా పనికివచ్చినవి రెండు విషయాలు: పొట్టు పిండిలా రాలడం, ఆయిల్ మూడు వంతులు మిగలడం. మొదటిది చైన్ పదును పోయిందని చెబుతోంది. పదునైన చైన్ కట్టెను పేళ్లు పేళ్లుగా తీసి బయటికి విసురుతుంది. పిండి రాలుతోందంటే పళ్ళు కట్టెను కోయకుండా గీకుతున్నాయని అర్థం. రెండోది ఆయిల్ అందడం లేదని చెబుతోంది. ఈ యంత్రాలలో రెండు ట్యాంకుల పరిమాణాలను సాధారణంగా ఆయిల్ పూర్తిగా ఖాళీ కాకముందే పెట్రోలు అయిపోయేలా నిర్ణయిస్తారు కాబట్టి, ఒక విడత పెట్రోలు ఖర్చయ్యేసరికి ఆయిల్ కొద్దిగా మాత్రమే మిగలాలి. మూడు వంతులు మిగిలిందంటే దారిలో ఎక్కడో ఆగిపోతోంది. అయితే ఆగిపోయిన ప్రతిసారీ తప్పు పంపుదే కానక్కరలేదు. నా అనుభవంలో పంపు అనుమానితుల జాబితాలో చివరిది.

ముందుగా ఆయిల్ నడిచే దారిని తెలుసుకుంటే వెతకడం తేలిక. ట్యాంకు అడుగున చిన్న ఫిల్టర్, దానికి తగిలించిన రబ్బరు గొట్టం, ఆ తరువాత పంపు, పంపు నుంచి బార్ బిగించే చోట యంత్రం ఒంటి మీద ఉన్న సన్నని రంధ్రం, దానికి ఎదురుగా బార్‌లో ఉన్న మరో రంధ్రం, అక్కడి నుంచి బార్ అంచులోని గాడి. గాడిలోకి దిగిన ఆయిల్‌ను చైన్ అడుగు భాగాన పన్నులా పొడుచుకువచ్చిన డ్రైవ్ లింకులు బార్ పొడవునా మోసుకుపోతాయి. చాలా యంత్రాలలో పంపును తిప్పేది చైన్‌ను తిప్పే క్లచ్ డ్రమ్మే కాబట్టి చైన్ తిరుగుతున్నప్పుడే ఆయిల్ వస్తుంది. ఇంజిన్ ఊరికే నడుస్తుండగా బార్ వైపు చూసి ఆయిల్ రావడం లేదని కంగారుపడేవారు ఈ సంగతి గమనించాలి.

వెతకడం బార్ నుంచి వెనక్కి మొదలుపెట్టండి. కవర్ విప్పి బార్, చైన్ తీస్తే, ఆయిల్‌తో తడిసి ముద్దయిన పొట్టు బంకమట్టిలా పేరుకుని కనిపిస్తుంది. మీలాగే పిండి పొట్టు వచ్చే యంత్రాలలో ఇది మరీ ఎక్కువ, ఎందుకంటే పేళ్లు గాడిలో దూరలేవు, పిండి దూరుతుంది. గాడిని ఒక పలుచని రేకు ముక్కతో కొస నుంచి కొస దాకా గీకండి. బార్‌లోని ఆయిల్ రంధ్రాలను సన్నని తీగతో పొడిచి శుభ్రం చేయండి. బార్‌ను తిరగేసి వాడుకునే వీలు కోసం ఈ రంధ్రాలు పైన ఒకటి, కింద ఒకటి ఉంటాయి, రెంటినీ చూడాలి. యంత్రం ఒంటి మీది రంధ్రం చుట్టూ ఉన్న ముద్దను కూడా తుడిచేయండి. మీ బార్ యంత్రంతో వచ్చినది కాక తరువాత మార్చినదైతే, దాని రంధ్రం యంత్రం రంధ్రానికి సరిగ్గా ఎదురుగా వస్తోందో లేదో చూడండి. బోల్టులకు సరిపోయిన బార్ ఆయిల్‌కు సరిపోకపోవడం నేను చూశాను.

శుభ్రం చేసి మళ్ళీ బిగించాక పరీక్షించండి. బార్ కొనను లేత రంగు అట్టకు గాని చెక్కకు గాని జానెడు దూరంలో, దేనికీ తగలకుండా పట్టుకుని, ముప్పావు వేగంతో ఒక నిమిషం పాటు నడపండి. ఆ అట్ట మీద సన్నని ఆయిల్ చార పడితే పని అయిపోయినట్టే. పడకపోతే ట్యాంకు మూత తీసి చూడండి: తీస్తున్నప్పుడు గాలి లోపలికి పీల్చుకున్న చప్పుడు వచ్చి, ఆ తరువాత కాసేపు ఆయిల్ బాగానే వచ్చి మళ్ళీ ఆగిపోతుంటే, ట్యాంకులోకి గాలి వెళ్ళే సన్నని దారి మూసుకుపోయింది. ఆయిల్ తగ్గిన మేరకు గాలి లోపలికి రాకపోతే పంపు ఎంత లాగినా ఆయిల్ రాదు. అదీ కాకపోతే ట్యాంకులోని ఫిల్టర్‌ను కొక్కెంలా వంచిన తీగతో బయటికి లాగి, పెట్రోలులో కడిగి, రబ్బరు గొట్టం ఎక్కడైనా పగిలిందేమో వంచి చూడండి; పగిలిన గొట్టం ఆయిల్‌కు బదులు గాలిని పీలుస్తుంది.

ఇవన్నీ అయ్యాక కూడా చార పడకపోతే అప్పుడు పంపును, దానిని తిప్పే మర గేరును అనుమానించవచ్చు. కొన్ని యంత్రాలలో ఈ గేరు ప్లాస్టిక్‌తో చేసినది. దాని పళ్ళు అరిగిపోతే పంపు బాగానే ఉన్నా తిరగదు. కవర్, బార్ లేకుండా ఇంజిన్ నడిపి రంధ్రంలో ఆయిల్ వస్తోందో చూడమని సలహా ఇచ్చేవారున్నారు. క్లచ్ బయటికి కనబడుతూ తిరుగుతుంటే, కొన్ని యంత్రాలలో చైన్ బ్రేకు పట్టీ కవర్‌తో పాటే ఊడివస్తుంటే, ఆ పరీక్షను నేను ఇంట్లో చేయమని చెప్పను, మెకానిక్‌కు వదిలేయండి.

ఆయిల్ వస్తున్నదని తేలినా పని అక్కడితో ఆపకండి. చైన్‌కు సాన పట్టకపోతే మీరు మళ్ళీ అదిమే కోస్తారు, బార్ మళ్ళీ వేడెక్కుతుంది, వచ్చే నెల ఇదే ఉత్తరం మళ్ళీ రాస్తారు.

ప్రశ్న: సాన పట్టాను. పళ్ళు గోరు మీద పెడితే పట్టుకునేంత పదునుగా ఉన్నాయి. అయినా పాత పద్ధతిలోనే పొట్టు పిండిగా వస్తోంది, గట్టిగా నొక్కితే తప్ప దిగడం లేదు. ఆకురాయిలో లోపమా?

జవాబు: ఆకురాయిలో కాదు, పంటి ముందున్న చిన్న మూపురాన్ని మీరు మరిచిపోయారు. చైన్‌లో ప్రతి కోత పంటికీ రెండు భాగాలుంటాయి. వెనుక ఉన్నది కోసే భాగం. దాని ముందు మూపురంలా లేచి ఉన్నది డెప్త్ గేజ్. పన్ను ఎంత లోతుకు దిగాలో నిర్ణయించేది ఆ మూపురమే. పంటి పై పలక ముందు ఎత్తుగా, వెనక్కి పోయేకొద్దీ పల్లంగా ఉంటుంది. మీరు ఆకురాయి పట్టిన కొద్దీ పంటి అంచు వెనక్కి జరుగుతుంది, వెనక్కి జరిగిన కొద్దీ కిందికి దిగుతుంది. మూపురం మాత్రం ఉన్న ఎత్తులోనే ఉంటుంది. చివరికి రెండూ ఒకే మట్టానికి వస్తే, పన్ను ఎంత పదునుగా ఉన్నా కట్టెను చేరదు. మూపురం కట్టె మీద జారుతుంది, పన్ను పైపైన గీకుతుంది. మీరు రాసిన లక్షణం సరిగ్గా ఇదే.

మామూలు చైన్లలో పంటి అంచు కంటే మూపురం దాదాపు 0.65 మిల్లీమీటర్లు తక్కువ ఎత్తులో ఉండాలి. మీ చైన్ పెట్టె మీద వేరే అంకె ఉంటే దానినే పాటించండి. దీనిని కంటితో అంచనా కట్టకండి. చైన్ మీద ఆనించే చిన్న కొలపట్టీ దొరుకుతుంది. దాని సందులోంచి పైకి పొడుచుకువచ్చిన మూపురాన్ని చదునైన ఆకురాయితో రాసి, ఆ తరువాత ముందు అంచును మళ్ళీ గుండ్రంగా చేయాలి. మూడు నాలుగు సార్లు సాన పట్టిన తరువాత ఒకసారి ఈ ఎత్తు చూసుకుంటే సరిపోతుంది. ఒక హెచ్చరిక మాత్రం తప్పదు: ఇంకాస్త తగ్గిస్తే ఇంకాస్త వేగంగా కోస్తుందని ఆశపడి మూపురాన్ని మరీ అరగదీస్తే, పన్ను మోయలేనంత కట్టెను కరుస్తుంది, యంత్రం కుదుపుతుంది, ఇంజిన్ ఆగిపోతుంది, బార్ కొన ఒక్కసారిగా మీ ముఖం వైపు ఎగిరే ప్రమాదం పెరుగుతుంది. ఎక్కువ రాసిన మూపురాన్ని మళ్ళీ పెంచలేరు. పళ్ళన్నిటినీ వెనక్కి అరగదీసి ఆ తేడాను సరిచేయాలి, లేదా కొత్త చైన్ వేయాలి.

గుండ్రటి ఆకురాయి వ్యాసం కూడా చూసుకోండి. చైన్ కొలతను పిచ్ అంటారు. వరుసగా ఉన్న మూడు రివెట్ల మధ్య దూరాన్ని కొలిచి రెండుతో భాగిస్తే వచ్చేది అదే. 0.325 అంగుళాల పిచ్ చైన్‌కు సాధారణంగా 4.8 మిల్లీమీటర్ల ఆకురాయి, చిన్న యంత్రాల మీద వచ్చే తక్కువ ఎత్తు 3/8 అంగుళాల చైన్‌కు 4 మిల్లీమీటర్ల ఆకురాయి వాడతారు. ఆకురాయిలో ఐదో వంతు పంటి పై పలక కంటే పైకి కనిపించేలా పట్టుకుని, పంటి లోపలి నుంచి బయటికి తోయాలి. వెనక్కి లాగేటప్పుడు పైకి ఎత్తాలి. సన్నని ఆకురాయి పంటి కింద కొక్కెంలా తొలుస్తుంది, లావుది అంచును మొండిగా వదులుతుంది.

ఈ పంటి ఆకారానికి ఒక చిన్న కథ ఉంది, రాయకుండా ఉండలేకపోతున్నాను. ఒకప్పటి రంపపు చైన్ల పళ్ళు కట్టెను గీకి తీసేవి, వాటికి తరచూ సాన పట్టాల్సి వచ్చేది. 1946లో అమెరికాలోని ఒరెగాన్ అడవులలో పనిచేస్తున్న జో కాక్స్, ఒక మొద్దును తొలుస్తున్న పురుగును చూశాడు. అది కట్టెను తొలిచే ఒక రకం పెంకుపురుగు లార్వా. దాని వంకర దవడలు రెండూ కట్టెను అడ్డంగానూ నిలువుగానూ ఒకే తేలికతో కోసుకుపోతున్నాయి. ఆ దవడల వంపును ఉక్కులో చేసి చూడగా వచ్చినదే మనం నేటికీ వాడుతున్న చైన్ పన్ను. ఎడమ దవడ, కుడి దవడ రెండూ సమానంగా ఉంటేనే పురుగు తిన్నగా పోతుంది. తరువాతి ప్రశ్న దాని గురించే.

ప్రశ్న: నా చైన్ సా తిన్నగా కోయడం లేదు. లావు దుంగలో కోత కుడి వైపుకు వంకర తిరిగి, చివరికి బార్ అందులోనే ఇరుక్కుంటోంది. చైన్ మార్చాలా, బార్ మార్చాలా?

జవాబు: రెండూ కారణం కావచ్చు, ఏది కారణమో తేల్చే తేలిక పద్ధతి ఒకటి ఉంది. మీ దగ్గర అదే కొలత గల కొత్త చైన్ గాని, ఇతరుల దగ్గర తిన్నగా కోస్తున్న చైన్ గాని ఉంటే దానిని మీ బార్ మీద వేసి చూడండి. తిన్నగా కోస్తే తప్పు మీ చైన్‌ది; అయినా వంకరగానే పోతే తప్పు బార్‌ది.

చైన్ విషయానికొస్తే, పళ్ళు కుడి, ఎడమ, కుడి, ఎడమ అన్న వరుసలో ఉంటాయి. ఒక వైపు పళ్ళు పొడవుగా, పదునుగా ఉండి రెండో వైపువి పొట్టిగా, మొద్దుగా ఉంటే, ఎక్కువగా కరిచే వైపుకు కోత లాగుతుంది. చేతితో సాన పట్టేవారికి ఇది దాదాపు తప్పదు, ఎందుకంటే కుడిచేతి వాటం వారికి ఒక వైపు పళ్ళు చేతికి అనువుగా వస్తాయి, రెండో వైపు మణికట్టు తిప్పి తంటాలు పడాలి. తెలియకుండానే ఒక వైపు నాలుగు రాపిళ్ళు, మరో వైపు రెండే పడతాయి. నేల మీదున్న రాయికో, దుంగలో ఉన్న మేకుకో ఒక వైపు పళ్ళు తగిలినా ఇదే ఫలితం. వెర్నియర్‌తో పళ్ళ పై పలకల పొడవు కొలిచి, అన్నిటికంటే పొట్టి పంటిని కనుక్కుని, తక్కిన వాటన్నిటినీ దాని పొడవుకు తీసుకురండి. మనసొప్పని పనే, కానీ పొట్టి పంటిని పొడవు చేసే ఆకురాయి లేదు. చాలా చైన్లలో పంటి పై పలక మీద వెనుక వైపు ఒక ఏటవాలు గీత ఉంటుంది. కోణం తప్పకుండా ఉండడానికి అది సాయపడుతుంది, పంటి అంచు అక్కడి వరకు అరిగితే చైన్ వయసు అయిపోయిందని కూడా చెబుతుంది.

బార్ విషయంలో రెండు చోట్ల చూడాలి. చైన్ జారే రెండు అంచు పట్టాలూ ఒకే ఎత్తులో ఉన్నాయా? ఒక చదునైన చెక్క మీద బార్‌ను అంచు మీద నిలబెడితే నిటారుగా నిలవాలి. ఒక పక్కకు వాలితే ఒక పట్టా ఎక్కువగా అరిగింది. రెండోది, గాడి వెడల్పు. చైన్‌ను గాడిలో ఉంచి పంటిని పక్కకు నెట్టి చూడండి; తేలికగా వాలిపోతుంటే గాడి విచ్చుకుంది, లేదా 1.5 మిల్లీమీటర్ల గాడిలో 1.3 మిల్లీమీటర్ల చైన్ వేశారు. ఈ రెండో పొరపాటు తరచుగా జరుగుతుంది, ఎందుకంటే పిచ్, లింకుల సంఖ్య సరిపోతే చైన్ చక్కగా ఎక్కుతుంది, తేడా కంటికి కనబడదు. పట్టాల అంచుల మీద రెక్కల్లా బయటికి విరిగివచ్చిన లోహపు పెచ్చులను చదునైన ఆకురాయితో తీసేయవచ్చు. పట్టాల ఎత్తులో కొద్ది తేడా ఉంటే వాటిని సమం చేయవచ్చు. గాడి అడుగుకు డ్రైవ్ లింకుల కొనలు తగిలేంతగా పట్టాలు అరిగితే మాత్రం బార్ మార్చాల్సిందే. చైన్‌కు సాన పట్టిన ప్రతిసారీ బార్‌ను తిరగేసి బిగిస్తే రెండు అంచులూ సమంగా అరుగుతాయి. లేకపోతే కోత భారమంతా మోసే కింది అంచు ఒక్కటే త్వరగా పోతుంది. పట్టాల మీద నీలి రంగు మచ్చలు కనిపిస్తే ఆ బార్ ఎప్పుడో ఆయిల్ లేకుండా కాలిందని అర్థం. కొత్త బార్ వేసే ముందు మొదటి ప్రశ్నకు రాసిన జవాబు చదవండి, లేకపోతే అదీ ఇదే దారి పడుతుంది.

ప్రశ్న: బండి ఇంజిన్ నుంచి తీసిన పాత ఆయిల్ చాలా మిగులుతోంది. చైన్‌కు అది పోస్తే నష్టమా? వంటనూనె సంగతేమిటి?

జవాబు: పాత ఇంజిన్ ఆయిల్ పోయవద్దు. చైన్‌కు పోసిన ఆయిల్ తిరిగి ట్యాంకుకు రాదు. ప్రతి చుక్కా కట్టె మీద, నేల మీద, మీ బట్టల మీద పడుతుంది, తుంపరలుగా మీ ఊపిరిలోకీ పోతుంది. వాడిన ఇంజిన్ ఆయిల్‌లో ఇంజిన్ అరుగుదల నుంచి వచ్చిన లోహపు రజను, క్యాన్సర్ కలిగించగల దహన వ్యర్థాలు ఉంటాయి. పైగా ఆ రజను పంపును, బార్‌ను అరగదీస్తుంది. మిగిలించామనుకున్నది అక్కడే ఖర్చయిపోతుంది.

బార్ ఆయిల్ అని అమ్మే దానిలో జిగురు గుణం కలుపుతారు. వేగంగా తిరుగుతున్న చైన్ బార్ కొన దగ్గర మలుపు తిరిగేటప్పుడు పలుచని ఆయిల్‌ను అంతటినీ బయటికి విసిరేస్తుంది; జిగురున్న ఆయిల్ అంటిపెట్టుకుని కింది అంచు దాకా వస్తుంది. కోత జరిగేది కింది అంచుతోనే కదా. వంటనూనె జారుడుకు పనికివస్తుంది. వృక్షతైలాలతో చేసిన బార్ ఆయిళ్ళు కూడా ఉన్నాయి. అయితే మామూలు వంటనూనెను వాడి యంత్రాన్ని నెలల తరబడి మూలన పెడితే అది గాలి తగిలి జిగటగా గట్టిపడి, పంపును, గొట్టాన్ని, చైన్ కీళ్ళను పట్టేస్తుంది. అత్యవసరానికి ఒకరోజు వాడినా, పని కాగానే ట్యాంకు ఖాళీ చేసి మామూలు బార్ ఆయిల్ పోసి కాసేపు నడపండి.

ప్రశ్న: కొత్త చైన్ వేశాను. ఆయిల్ వస్తోంది, ఇంజిన్ బాగుంది, అయినా దుంగ మీద గీత కూడా పడడం లేదు, పొగ మాత్రం వస్తోంది.

జవాబు: చైన్ తిరగబడి ఎక్కింది. బార్ పై అంచు మీదున్న పళ్ళ పదునైన ముఖం బార్ కొన వైపు చూడాలి. సిగ్గుపడకండి, ఈ శీర్షిక రాస్తున్న చెయ్యి కూడా ఒకసారి ఆ పని చేసి, అరగంట సేపు కార్బురేటర్‌ను తిట్టింది.

ప్రశ్న: యంత్రం వాడనప్పుడు దాని కింద ఆయిల్ మడుగు కడుతోంది. ఎక్కడ కారుతోంది?

జవాబు: నాలుగైదు చుక్కలైతే పట్టించుకోనక్కరలేదు, పంపులో, బార్ గాడిలో మిగిలిన ఆయిలే మెల్లగా దిగుతుంది. మడుగే కడుతుంటే ముందుగా మూత రబ్బరును, ట్యాంకులోని గొట్టం బయటికి వచ్చే చోటును చూడండి. ఎండలో పెట్టిన యంత్రంలో ట్యాంకులోని గాలి వ్యాకోచించి ఆయిల్‌ను బయటికి నెడుతుంది. నీడలో ఉంచినా ఆగకపోతే, ఎక్కువ రోజులు వాడని సమయంలో ట్యాంకు ఖాళీ చేసి పెట్టడమే తేలిక.

ప్రశ్న: బ్యాటరీతో నడిచే చిన్న చైన్ సా కొన్నాను. పెట్రోలు లేదు కాబట్టి ఆయిల్ కూడా అక్కరలేదని అనుకోవచ్చా?

జవాబు: అనుకోకూడదు. పెట్రోలులో కలిపే ఆయిల్ ఇంజిన్ కోసం, బార్ ఆయిల్ చైన్ కోసం. మొదటి దాని అవసరం మీకు లేదు, రెండోది తప్పదు. కొన్ని చిన్న యంత్రాలలో పంపు ఉండదు, బార్ మీద చేతితో ఆయిల్ వేస్తుండాలి. మీది ఏ రకమో దానితో వచ్చిన పుస్తకంలో చూడండి. ఆయిల్ లేని బార్ రాపిడికి బ్యాటరీ ముందు దిగిపోతుంది, ఆ తరువాత బార్ పోతుంది.

ప్రశ్న: పొద్దున బిగించిన చైన్ గంటలోనే వదులై బార్ కింద వేలాడుతోంది. మళ్ళీ బిగిస్తే మరునాడు చేత్తో లాగినా కదలనంత బిర్రుగా ఉంటోంది. ఎంత బిగించాలి?

జవాబు: వేడెక్కిన చైన్ సాగుతుంది, చల్లబడిన చైన్ కుంచించుకుపోతుంది, మీరు చూస్తున్నది అదే. చల్లగా ఉన్నప్పుడు బార్ కొనను పైకి ఎత్తి పట్టుకుని బిగిస్తే, కింది అంచుకు చైన్ వేలాడకుండా ఆనుకుని ఉండాలి, బ్రేకు వదిలి చేతితో లాగితే తేలికగా జరగాలి. కొత్త చైన్ మొదటి రోజు మరింత సాగుతుంది కాబట్టి కొంచెం కోసి, ఆపి, చల్లబడనిచ్చి మళ్ళీ బిగించడం మామూలే. అయితే పాత చైన్ కూడా గంటకోసారి వదులవుతుంటే అది అవసరానికి మించి వేడెక్కుతోందన్నమాట; ఆయిల్ చార పరీక్ష చేసి, పొట్టు పిండిగా ఉందా పేళ్ళుగా ఉందా చూసి, స్ప్రాకెట్ (చైన్‌ను తిప్పే పళ్ళ చక్రం) పళ్ళ మీద లోతైన గుంటలు పడ్డాయేమో కూడా గమనించండి. 0.5 మిల్లీమీటర్లు దాటిన గుంటలుంటే స్ప్రాకెట్ మార్చాలి, లేకపోతే కొత్త చైన్‌ను కూడా అది త్వరగా పాడుచేస్తుంది. పని మధ్యలో వేడి మీద బిగించిన చైన్‌ను పని ముగియగానే వదులు చేయడం మరవకండి. అలాగే వదిలేస్తే చల్లబడి కుంచించుకునేటప్పుడు అది క్రాంక్ షాఫ్టును, దాని బేరింగులను రాత్రంతా లాగుతూనే ఉంటుంది.